మహాబలిపురం లైట్‌హౌస్ ఎక్కితే మన కాలవ కనిపించింది

గుంటూరు నుంచి మహాబలిపురం అంటే మాకు తెనాలి వెళ్ళి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కడమే తేలిక. మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగిపోవచ్చు. టెన్షనంతా అక్కణ్ణుంచే. స్టేషన్ బయట ఒక క్యాబ్‌ అతను చెప్పిన రేటు విని మా నాన్న, "ఆ డబ్బుతో మనం మళ్ళీ తెనాలి వెళ్ళి రావచ్చమ్మా" అన్నాడు. తిరువాన్మియూరు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంకోటి పట్టుకుని సాయంత్రానికి చేరాం.

ఆన్‌లైన్‌లో సముద్రం కనిపిస్తుందన్న ఫొటో చూసి లాడ్జి బుక్ చేశాను. కనిపించిన మాట నిజమే, కాకపోతే గదిలోంచి కాదు, డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన నిలబడితే! దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఈసారి వెళ్తే బస్టాండుకి దగ్గర్లోనే తీసుకుంటాను, పెద్దవాళ్ళకి నడక తప్పుతుంది. తిండికి ఇబ్బంది లేదు. సాంబారుతో రెండు పూటలు గడిచాక మూడో పూటకి మేం తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా మూత తీశాం.

తీరదేవాలయం, పంచరథాలు అందరూ చూసేవే. రెంటికీ ఒకటే టికెట్టు, పారేయకండి. కొండ వాలు మీద నిలిచిన గుండ్రటి వెన్నముద్ద బండ దగ్గర ఫొటోలు దిగేవాళ్ళ వరస చూసి మేం ఆగలేదు.

నాకు నచ్చింది లైట్‌హౌస్. దానికి టికెట్టు వేరే, చాలా తక్కువ. మేం వెళ్ళేసరికి భోజన విరామం, గేటు మూసేశారు. ఆ గంట వృథా కాలేదు. కొండ మీదే ఇంకాస్త అవతల ఒలక్కన్నేశ్వరాలయం ఉంది. పల్లవుల కాలం నాటి రాతి గుడి. ఈ లైట్‌హౌస్ కట్టకముందు, బ్రిటిష్ వాళ్ళ రోజుల్లో ఓడలకి దీపం ఆ గుడి కప్పు మీదే పెట్టేవారట. దాని కిందే మహిషాసురమర్దిని గుహ. ఒక గోడ మీద దుర్గ, ఎదుటి గోడ మీద శేషశయనుడు. నాన్న స్వామి ముందు కాసేపు నిలబడి, "మన ఉండవల్లి గుహలో పడుకున్న ఆయన ఇంకా పెద్దాయన" అని తేల్చేశాడు. పల్లవులు కూడా మనకి పరాయివాళ్ళేం కాదు. ఇప్పటికి దొరికిన వాళ్ళ శాసనాల్లో పాతది మన పల్నాడు మంచికల్లులోదే.

లైట్‌హౌస్ గుండ్రటి రాతి కట్టడం. భద్రత పేరుతో చాలా ఏళ్ళు జనాన్ని రానివ్వలేదు, 2011లో మళ్ళీ తెరిచారు. లోపల మెట్లు చుట్టూ తిరుగుతూ పోతాయి. అంతవరకు ఫరవాలేదు. చివర్లో ఇనుప నిచ్చెన ఉంది చూడండి, దాదాపు నిటారుగా ఉంటుంది. దిగేవాళ్ళు దిగేదాకా ఎక్కేవాళ్ళు కింద ఆగాల్సిందే. పైన చిన్న గుమ్మం, నడుం వంచితే తప్ప బయటికి రాలేం. చీర కట్టుకుని రావద్దని మా అక్కకి ముందే చెప్పి ఉండాల్సింది. ఆవిడ నిచ్చెన మొదట్లోనే కూర్చుండిపోయింది. అరవై తొమ్మిదేళ్ళ నాన్న మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కేశాడు.

పైన గాలికి నా చున్నీ నిలవలేదు. అందరూ తూర్పు వైపే ఎగబడ్డారు, సముద్రం, గుడి, సెల్ఫీలు. నాన్న పడమటి వైపు వెళ్ళి కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. ఊరు దాటాక నీళ్ళు సన్నటి గీతలా మెరుస్తున్నాయి.

"అదేం కాలవ?"

కాపలా అతను చెప్పాడు, బకింగ్‌హాం కెనాల్ అని.

"అంటే మన కాలవేగా!"

నిజమే. 1877-78 నాటి కరువులో పని కల్పించడానికి తవ్వించి ముక్కలన్నీ కలిపిన ఆ కాలవ మన వైపు పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర దాన్ని కలిసేది మన కొమ్మమూరు కాలవ. నాన్న పుట్టింది దాని గట్టు మీద ఊళ్ళోనే. పడవకి తాడు కట్టి, గట్టు వెంట నడుస్తూ మనుషులు లాగేవాళ్ళని, పిల్లలంతా వెంట పరిగెత్తేవాళ్ళమని చెబుతూ ఉండిపోయాడు. కాపలా అతను టైమైందని రెండుసార్లు చెప్పాకే కదిలాం.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిచ్చెన దాకా వెళ్ళి ఆగినా సిగ్గుపడక్కర్లేదు. ఎక్కగలిగితే మాత్రం సముద్రం చూశాక ఒకసారి వెనక్కి తిరగండి.

తిరుగు ప్రయాణంలో ఒంగోలు దాటాక నాన్న నన్ను లేపి కిటికీ సీటు అడిగి తీసుకున్నాడు. అప్పటికే చీకటి పడిపోయింది.