‘ఈ పీసీ పనికిరాదు’ అన్నాక మూడేళ్లు: ఏడో తరం ఐ5 మీద విండోస్ 11

విండోస్ 11కి పనికిరాదని మైక్రోసాఫ్ట్ అన్న ల్యాప్‌టాప్ మీద అది పని చేస్తుందా? ముందే చెప్పేస్తాను, చేస్తుంది. ఇది రాస్తున్నది కూడా దాని మీదే. 2017లో కొన్న ల్యాప్‌టాప్, ఇంటెల్ ఐ5 7200యూ, 8 జీబీ ర్యామ్, మధ్యలో హార్డ్ డిస్క్ తీసేసి పెట్టిన ఎస్‌ఎస్‌డీ. విండోస్ 11కి పనికొస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పే ప్రాసెసర్ల జాబితా ఇంటెల్ వైపు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది, నాది ఏడో తరం, అంటే ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో ఎక్కించాను. అప్పట్నుంచి ఆఫీసు పని, ఫొటోలు, వీడియో కాల్స్ అన్నీ దీంట్లోనే. ఎలా ఎక్కించాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి, అన్నీ డెస్క్‌టాప్ కనపడగానే అయిపోతాయి. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది కాబట్టి నేను దాని గురించే ఎక్కువ రాస్తాను.

విండోస్ 11కి మన పీసీ సరిపోతుందో లేదో చెప్పే పీసీ హెల్త్ చెక్ యాప్ నాకు రెండు ఎర్ర గుర్తులు పెట్టింది. ప్రాసెసర్ ఒకటి, టీపీఎం 2.0 (కీలు దాచే భద్రతా చిప్) లేదని ఇంకొకటి. తీరా బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డ్‌లోని ప్రోగ్రామ్) వెళ్లి చూస్తే సెక్యూరిటీ పేజీలో ‘ఇంటెల్ పీటీటీ: డిసేబుల్డ్’ అని ఒక లైను. పీటీటీ అంటే ఫర్మ్‌వేర్‌లోనే ఉండే టీపీఎం, విడిగా చిప్ అక్కర్లేదు. ఎనేబుల్ చేసి సేవ్ చేశాను, ఒక ఎర్ర గుర్తు పోయింది. ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు నిరాశపడే ముందు ఈ లైను ఒకసారి చూసుకోండి.

నా డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో భాగాలు చేసి ఉండేది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ అవనిచ్చే సెట్టింగ్) కావాలంటే జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి, దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది (బ్యాకప్ తీసుకోకుండా మాత్రం ముట్టుకోకండి). వరుస ముఖ్యం: ముందు డిస్క్ మార్చి, ఆ తర్వాతే బయాస్‌లో లెగసీ అనే పాత బూట్ పద్ధతి నుంచి కొత్తదైన యూఈఎఫ్ఐకి వెళ్లాలి. తిరగేసి చేస్తే బూట్ అవ్వదు. ఆ టూల్ 100 ఎంబీల చిన్న పార్టిషన్ (డిస్క్‌లో విడి భాగం) ఒకటి సృష్టించింది, నేను పట్టించుకోలేదు. రెండేళ్ల తర్వాత అదే నా మెడకు చుట్టుకుంది, వస్తాను.

ఇక ప్రాసెసర్ సంగతి. టీపీఎం కనీసం 1.2 ఉంటే చాలు, ప్రాసెసర్ జాబితాలో లేకపోయినా అప్‌గ్రేడ్ అవ్వడానికి రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టికలో) ఏ వాల్యూ పెట్టాలో మైక్రోసాఫ్ట్ వాళ్లే తమ సపోర్ట్ పేజీలో రాశారు, తర్వాత ఎప్పుడో ఆ ముక్క తీసేశారు. నేను చేసింది ఆ పద్ధతిలోనే. పాత ఫైళ్లు, యాప్‌లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. విచిత్రం ఏంటంటే ఏడో తరంలోదే అయిన ఐ7 7820హెచ్‌క్యూ మాత్రం జాబితాలో ఉంది, సర్ఫేస్ స్టూడియో 2లో ఉండే చిప్ అది. పోనీలెండి.

ఎక్కించేటప్పుడు ఒక హెచ్చరిక వస్తుంది. మీ పీసీకి సపోర్ట్ ఉండదు, అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, ఏదైనా పాడైతే వారంటీ వర్తించదు అని. చదివి ఒప్పుకోవాలి. మరి నిజంగా ఏం జరిగింది? ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఈ మూడేళ్లలో నాకు ఒక్కటి కూడా ఆగలేదు. రానిది ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్. చాలామంది ఈ రెండిటినీ కలిపేసుకుని ‘అప్‌డేట్లు వస్తున్నాయిగా, ఇంకేంటి’ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. 22హెచ్2 నుంచి 23హెచ్2కి (ఆ పెద్ద వెర్షన్ల పేర్లివి, 2022, 2023 రెండో అర్ధభాగాలవి) చిన్న ప్యాకేజీ దింపుకుని నడిపిస్తే ఒక్క రీస్టార్ట్‌తో అయిపోయింది. అది చూసి ఇక ఎప్పుడూ ఇంతేలే అని ధీమా వచ్చేసింది.

2024 అక్టోబరులో 24హెచ్2 వచ్చింది. ఇది లోపల మొత్తం మారిన వెర్షన్, చిన్న ప్యాకేజీతో పోదు, పూర్తి ఐఎస్ఓ (విండోస్ మొత్తం ఉండే ఇన్‌స్టాల్ ఫైల్) కావాలి. కోర్ 2 డ్యూయో కాలం నాటి మెషీన్లకైతే దీంతో దారి పూర్తిగా మూసుకుపోయింది, ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాలు (ఇన్‌స్ట్రక్షన్లు) లేకపోతే ఇది బూటే అవ్వదు, దానికి ఏ కిటుకూ లేదు. నా దాంట్లో అవి ఉన్నాయి. కానీ సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీ నెలల తరబడి పచ్చటి టిక్కు పెట్టుకుని ‘యూ ఆర్ అప్ టు డేట్’ అంటూనే ఉంది. ఎవరైనా పొరబడే చోటు అదే. 23హెచ్2 హోమ్, ప్రో ఎడిషన్లకు ప్యాచ్‌లు 2025 నవంబరు 11తో ఆగిపోయాయి, ఆ టిక్కును నమ్ముకుని కూర్చుంటే నేనూ అక్కడే ఆగిపోయేవాణ్ని.

2025 జనవరిలో ఒక శనివారం కూర్చున్నాను. ఈసారి రిజిస్ట్రీ జోలికి పోకుండా, ఐఎస్ఓ తెరిచి, కమాండ్ ప్రాంప్ట్‌లో సెటప్ ఫైల్ పేరు పక్కన ‘ప్రొడక్ట్ సర్వర్’ అనే స్విచ్ తగిలించి నడిపాను. అలా చేస్తే సెటప్ ఈ చెకింగులన్నీ వదిలేస్తుంది, ఎందుకంటే సర్వర్‌కి ఆ షరతులు లేవు. తెలిసే చేశాను, అయినా తెర మీద పెద్దక్షరాల్లో ‘విండోస్ సర్వర్ ఇన్‌స్టాల్ అవుతోంది’ అన్న అర్థం వచ్చే లైను చూసేసరికి గుండె ఝల్లుమంది. భయపడక్కర్లేదు, ఎక్కేది మామూలు విండోస్ 11నే. మీరు చూడాల్సింది దాని తర్వాతి పేజీ. అక్కడ ఫైళ్లు, సెట్టింగ్స్, యాప్‌లు అన్నీ ఉంచు అనే ఆప్షన్ నొక్కడానికి వీలుగా ఉందా, మసకబారి ఉందా? మసకగా ఉంటే అక్కడే ఆపేయండి. నాకు మొదటిసారి అలాగే వచ్చింది. కారణం చాలా చిన్నది, నా విండోస్ ఇంగ్లిష్ ఇంటర్నేషనల్, నేను దింపింది ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్. మళ్లీ సరైన ఐఎస్ఓ దింపుకోవాల్సి వచ్చింది.

రెండోసారి కొంత దూరం వెళ్లి ఆగిపోయింది. సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోయాం అంటుంది, అంతే, ఎందుకో చెప్పదు. ఇందాక వస్తానన్న 100 ఎంబీల పార్టిషన్ ఇదే. మామూలుగా కనపడదు కాబట్టి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో దానికో డ్రైవ్ అక్షరం ఇచ్చి లోపలికి వెళ్లి చూశాను, ఖాళీ 9 ఎంబీలే ఉంది. సెటప్‌కి 15 దాకా కావాలి. ఎవరు తిన్నారా అని చూస్తే, ల్యాప్‌టాప్ కంపెనీ బయాస్ అప్‌డేట్ టూల్ ప్రతిసారీ పాత బయాస్ కాపీలు అందులో పడేసి పోయింది, దానికి తోడు బూట్ ఫోల్డర్‌లో ఫాంట్ ఫైళ్లు. ఫాంట్లు తీసేయడం మైక్రోసాఫ్ట్ చెప్పే పద్ధతే, తీసేశాను. బయాస్ కాపీలు మాత్రం చెరపకుండా పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను. చీకటి పడ్డాక సెటప్ మళ్లీ మొదలుపెట్టి భోజనానికి లేచాను, వచ్చి చూస్తే 61 శాతం దగ్గర ఉంది, ఆ 61 దగ్గరే నలభై నిమిషాలు కూర్చుంది. డిస్క్ లైటు వెలిగి ఆరుతోంది కాబట్టి ముట్టుకోలేదు. రాత్రి పదకొండున్నరకి డెస్క్‌టాప్ వచ్చింది. వచ్చాక కూడా పది రోజుల దాకా వెనక్కి వెళ్లే వీలుంటుంది, ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్ జోలికి పోకండి.

ఇంత రాశాక మీకు అనిపించొచ్చు, సపోర్ట్ లేకపోవడం వల్లే ఈ తిప్పలన్నీ అని. సగమే నిజం. ఆ పార్టిషన్ గొడవ సపోర్ట్ ఉన్న మెషీన్లలోనూ వస్తుంది. నిజంగా పాత ల్యాప్‌టాప్ అవ్వడం వల్ల వచ్చిన బాధ డ్రైవర్లది. తయారుచేసిన కంపెనీ విండోస్ 10తోనే చేతులు దులుపుకుంది, సైట్‌లో చివరి డ్రైవర్ 2020ది. ఒక అప్‌డేట్ తర్వాత పొద్దున్నే మూత తెరిస్తే టచ్‌ప్యాడ్ మీద బాణం కదులుతోంది గానీ రెండు వేళ్లతో పేజీ జరగదు. డివైస్ మేనేజర్‌లో చూస్తే దాని పేరు ‘పీఎస్/2 కంపాటిబుల్ మౌస్’ అయిపోయి ఉంది. విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్ తగిలించేసింది. అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లో ఉన్నవాటిలోంచి నేనే ఎంచుకుంటానని చెప్పి, పాతది పెట్టాను, అయిదు నిమిషాల పని. వచ్చే నెల మళ్లీ అదే. మూడోసారికి ఒళ్లు మండి, గ్రూప్ పాలసీలో ‘విండోస్ అప్‌డేట్స్‌తో పాటు డ్రైవర్లు వద్దు’ అనే సెట్టింగ్ ఆన్ చేశాను, ఆ తర్వాత రాలేదు. గ్రూప్ పాలసీ ఎడిటర్ హోమ్ ఎడిషన్‌లో ఉండదు, హోమ్ వాళ్లు రిజిస్ట్రీలో పెట్టుకోవాలి. పాత డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి, కంపెనీ సైట్లలో పాత మోడళ్ల పేజీలు చెప్పాపెట్టకుండా మాయమైపోతాయి.

పూర్తిగా నా తప్పు ఒకటుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అప్పుడప్పుడు ఫ్యాన్ గోల చేస్తోందని బయాస్ అప్‌డేట్ చేశాను. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉందన్న సంగతే మర్చిపోయాను. రీస్టార్ట్ అవగానే నీలం తెర, 48 అంకెల రికవరీ కీ ఇవ్వమని. కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఈ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఉంది! ఫోన్‌కి కోడ్ తెప్పించుకుని, పాస్‌వర్డ్ మార్చుకుని, ఎనిమిది గుంపులుగా ఉన్న ఆ అంకెల్ని ఫోన్‌లో చూస్తూ ఒక్కొక్కటే కొట్టాను, అయిదో గుంపులో ఒకటి తప్పు కొట్టి మళ్లీ. ఇప్పుడు ఆ కీ కాగితం మీద రాసి బీరువాలో ఉంది. బయాస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి, ఒక్క క్లిక్కే.

వేగం గురించి అందరూ అడుగుతారు. విండోస్ 10 కంటే స్టార్ట్ మెనూ, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఒక పిసరు నెమ్మది, అలవాటయ్యాక తెలియదు. విడ్జెట్లు ఆపేశాను, స్టార్టప్‌లో అనవసరమైనవి తీసేశాను. మెమరీ ఇంటెగ్రిటీని (హానికర కోడ్ విండోస్ లోపలికి చొరబడకుండా కాపాడే సెట్టింగ్) ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు గానీ ఏడో తరంలో దానికి కావాల్సిన హార్డ్‌వేర్ సాయం ఉంది, నేను ఆన్‌లోనే ఉంచాను, తేడా ఏమీ కనపడలేదు. ఆరో తరం, అంతకన్నా పాతవాటిలో ఆ సాయం లేదు కాబట్టి బరువు తెలుస్తుంది. రెండే కోర్లు కావడంతో వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తూ పెద్ద ఎక్సెల్ ఫైల్ తెరిస్తే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది. ఇంకొకటి, యూట్యూబ్ ఏవీ1 అనే కొత్త పద్ధతిలో కుదించిన వీడియో ఇస్తే ఈ గ్రాఫిక్స్ చిప్ దాన్ని సొంతంగా విప్పలేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ మొదలవుతుంది. పాత పద్ధతి వీపీ9 అయితే హాయిగా ఆడుతుంది. యూట్యూబ్ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఏవీ1ని తక్కువ క్వాలిటీ వీడియోలకే వాడమని పెట్టాక ఆ గోల తగ్గింది.

మా అన్నయ్యకీ దాదాపు ఇలాంటి ల్యాప్‌టాపే ఉంది, నాకూ ఎక్కించిపెట్టరా అన్నాడు. చెయ్యనన్నాను. ఏడాదికోసారి ఆ శనివారం కూర్చోవాల్సింది ఆయన కాదు, నేను. పైగా ఆయన లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయినా, ఈఎస్‌యూలో (పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో) చేరితే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, దాంట్లో చేర్పించి వదిలేశాను. ఆలోగా కొత్తది కొనుక్కుంటాడు. ఎస్‌ఎస్‌డీ లేని మెషీన్ అయితే మీరూ ఈ పని పెట్టుకోకండి. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉండి, వేరే చోట బ్యాకప్ ఉండి, ఎర్రర్ వస్తే చిరాకు కన్నా కుతూహలం ఎక్కువ కలిగే రకం మనిషైతే ధైర్యంగా చేసుకోండి.

25హెచ్2 మళ్లీ చిన్న ప్యాకేజీతోనే ఎక్కింది, టీ తాగేలోపు అయిపోయింది. దానికి 2027 అక్టోబరు 12 వరకు ప్యాచ్‌లున్నాయి, అప్పటికి ఈ ల్యాప్‌టాప్‌కి పదేళ్లు. బ్యాటరీ మాత్రం గంటకు మించి నిలవట్లేదు. కొత్తది తెప్పించాను, టేబుల్ మీదే ఉంది, వెనక మూత స్క్రూల్లో ఒకటి అరిగిపోయి తిరగనంటోంది, ముందు దాని సంగతి చూడాలి.