బ్లాకులా, పైథానా: పిల్లల రోబోకి ఏది?

పిల్లలు రోబో కట్టి, ప్రోగ్రామ్ రాసి నడిపే లెగో స్పైక్ ప్రైమ్ కిట్ ఇంటికొచ్చాక మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. దాని యాప్‌లో రెండు దారులూ ఉన్నాయి: స్క్రాచ్ తరహా బ్లాకులు (ఆదేశాలున్న ముక్కల్ని లాగి పేర్చడం), పైథాన్ (ఆదేశాల్ని టైప్ చేసి రాసే ప్రోగ్రామింగ్ భాష).

మొదటి రోజుకు బ్లాకులే మేలు. ఒక బ్లాకు లాగి, 10 సెంటీమీటర్లు ముందుకు అని పెడితే చాలు, రోబో కదులుతుంది. పైథాన్‌లో ఒక్క కోలన్ మర్చిపోయినా ప్రోగ్రామ్ నడవదు. పదేళ్ల పిల్లకి ఆ ఎర్రర్ మెసేజ్ చూస్తేనే టెన్షన్. తెలుగు మీడియం పిల్లలకైతే ఇంగ్లీషు స్పెల్లింగుల బరువు కూడా తోడవుతుంది.

అసలు తేడా తెలిసేది నల్ల గీత వెంట నడిచే రోబో దగ్గర. సెన్సర్ చూపిన వెలుతురు విలువలోంచి 50 (నలుపుకీ తెలుపుకీ మధ్య విలువ) తీసేసి, మిగిలినదాన్ని 0.5తో గుణించి, అంత మేరకు స్టీరింగ్ తిప్పాలి. పైథాన్‌లో ఆ లెక్క ఒక్క వరుస. బ్లాకుల్లో అయితే తీసివేతను గుణకారంలో, గుణకారాన్ని మోటారు బ్లాకులో దూర్చాలి. మలుపుల దగ్గర వేగం తగ్గించడం కూడా కలిపితే స్క్రీన్ నిండిపోతుంది, తప్పు ఎక్కడుందో కనిపించదు.

నన్నడిగితే బ్లాకులతోనే మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోనివ్వకండి. లూప్ (ఒకే పని మళ్లీ మళ్లీ చేయించడం), షరతు (ఇలా అయితే అలా చెయ్యి అనడం), వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) మూడింటినీ పిల్లలు తమంతట తామే వాడుతుంటే పైథాన్‌కి టైమొచ్చినట్టే. అదే గీత రోబోను మళ్లీ పైథాన్‌లో రాయించండి. ఆలోచన ముందే తెలుసు కాబట్టి, కొత్తగా నేర్చుకోవాల్సింది రాయడం ఒక్కటే.