‘బ్రెయిన్ మ్యాపింగ్’కి డబ్బు కట్టబోతున్నారా? ఆగండి

మా తమ్ముడికి నాలుగేళ్లుగా స్కిజోఫ్రెనియా. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపిస్తాయి. మొదట్లోనే ఎంఆర్ఐ తీశారు, నార్మల్ అన్నారు. అంత జబ్బుంటే నార్మల్ ఎలా అవుతుందని నాకు లోపల ఒకటే పీకుడు. చివరికి ఒక బంధువు మాట పట్టుకుని హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కి తీసుకెళ్లాను. ‘బ్రెయిన్ మ్యాపింగ్’ ప్యాకేజీ 28,000 రూపాయలు.

స్కాన్ అన్నారు కదా, పెద్ద మిషన్ ఉంటుందనుకున్నా. తలకి టోపీ తొడిగి, రంధ్రాల్లోంచి జెల్ నింపి, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోమన్నారు. అంతే. వాడేమో రెప్పలు కొడుతూ, పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. సాయంత్రం రంగుల బొమ్మ చేతికిచ్చారు. నుదుటి వైపంతా ఎరుపు. "మాటలు ఇక్కడినుంచే వస్తున్నాయి" అని వాడి ముందే వేలు పెట్టి చూపించారు. ఇరవై సిట్టింగులు చేయించండి, మాత్రలు సగం చేసేయండి అన్నారు. చేసేశాను. నా బుద్ధి గడ్డి తింది. మూడు వారాలకి వాడు నిద్ర మానేసి కిటికీలకి దుప్పట్లు కట్టడం మొదలుపెట్టాడు.

పాత సైకియాట్రిస్టు గారి దగ్గరికే పరుగెత్తాం. ఆయన బొమ్మ పక్కన పెట్టి బిల్లు చూపించమన్నారు. అందులో ఉన్నది క్యూఈఈజీ. అంటే ఈఈజీయే, మెదడులోని విద్యుత్ అలల్ని తలమీంచి నమోదు చేసే పరీక్ష. దాన్నే కంప్యూటరు లెక్కకట్టి రంగులద్దింది. రెప్ప కొట్టినా నుదుటి దగ్గర పెద్ద అల పడుతుందట. మరి స్కాన్‌లో ఏమీ కనిపించదా అంటే, 1976లోనే లండన్‌లో సీటీ స్కాన్ తీసి, ఈ జబ్బున్నవాళ్ల మెదడులో ద్రవం ఉండే గదులు కాస్త పెద్దవిగా ఉన్నాయని చూశారట. కానీ అది గుంపు సగటు. ఒక్క మనిషి స్కాన్ చూసి స్కిజోఫ్రెనియా అవునో కాదో ఈరోజుకీ తేల్చలేరు.

అలాగని డాక్టరు రాసిన స్కాన్ ఎగ్గొట్టకండి. ఫిట్స్, జ్వరం, తలకి దెబ్బ ఉన్నా, పెద్ద వయసులో మొదలైనా, గడ్డో మెదడువాపో ఉందేమో చూడ్డానికి అది కావాలి. డబ్బు కట్టే ముందు మాత్రం పరీక్ష అసలు పేరేంటో, ఫలితాన్ని బట్టి వైద్యంలో ఏం మారుతుందో అడగండి. మాత్రలు తగ్గించమంటే లేచి వచ్చేయండి. ఎవర్ని అడగాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

డబ్బు వాపసు అడిగితే "రిపోర్టు ఇచ్చేశాం కదా మేడం" అన్నారు. ఇప్పుడు పూర్తి డోసు వేస్తున్నాం, వాడు తేరుకుంటున్నాడు. మొన్న అన్నం కలుపుకుంటూ అడిగాడు, "అక్కా, ఆ ఎరుపు ఇంకా ఉందా?"