దర్శకురాలిగా భానుమతా, విజయనిర్మలా?

నటిగా పేరు తెచ్చుకుని మెగాఫోన్ పట్టిన తెలుగు స్త్రీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా, ఈ ఇద్దరిలో ఎవరి ప్రస్థానం గొప్పదని పాఠకులు అడుగుతూనే ఉన్నారు. ఇద్దరి చిత్రాలనూ ఈమధ్య వరుసగా మళ్ళీ చూశాను కనుక, ఇక మాట దాటవేయలేను.

1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో ఒకేసారి తీసేనాటికి భానుమతికి ముప్పయ్యేళ్ళు నిండలేదు. ఒకరు కోటలో, ఒకరు అడవిలో పెరిగిన కవలలిద్దరి వేషాలనూ తానే ధరించి, ఎన్.టి. రామారావు కథానాయకుడిగా ఉన్న సెట్టులో ‘కట్’ చెప్పింది కూడా ఆమే. భర్త రామకృష్ణారావుతో కలిసి నెలకొల్పిన భరణీ సంస్థ సొంతం కావడంతో ఏ నిర్మాత గుమ్మం ముందూ ఆమె నిలబడవలసిన పని లేకపోయింది. అయితే ఆ సంస్థ తీసిన చిత్రాల్లో ఎక్కువ వాటికి దర్శకుడు ఆయనే. గానం, నటన, ‘అత్తగారి కథలు’ రాసిన కలం, వీటి నడుమ దర్శకత్వం ఆమెకు మరొక విద్య మాత్రమే అయింది.

సావిత్రి కూడా ‘చిన్నారి పాపలు’ (1968)తో మొదలుపెట్టి కొన్ని చిత్రాలు తీశారు గాని, ఆ ప్రయాణం త్వరగానే ఆగిపోయింది.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఒక్కటే: సినిమా పోయాక కూడా ఆ స్త్రీకి మరో సినిమా దక్కిందా? 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల ఆధారంగా తీసిన ‘మీనా’తో మెప్పించిన విజయనిర్మల, మరుసటి ఏడాది కృష్ణతో ‘దేవదాసు’ తీసి గట్టి దెబ్బ తిన్నారు. అక్కినేని పాత ‘దేవదాసు’ అప్పుడే మళ్ళీ విడుదలై జనాన్ని లాక్కుపోయింది. మగ దర్శకుడికైతే అదొక పరాజయం, ఆడదానికైతే ‘చెప్పానుగా’ అనే మాటకు సాక్ష్యం. ఆమె మాత్రం ఆగలేదు. 44 చిత్రాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. కృష్ణ అండ, సొంత సంస్థ ఉండబట్టే అది సాధ్యమైందని అనేవారున్నారు, నిజమే; భానుమతికి భరణీ ఉన్నట్టే.

పనితనంలో, సాహసంలో ‘చండీరాణి’దే పైచేయి అని ఒప్పుకుంటాను. కానీ దర్శకత్వాన్ని రోజువారీ వృత్తిగా చేసుకున్నది విజయనిర్మలే కనుక, నా మొగ్గు అటే. కొత్తగా చూడబోయేవారు ‘మీనా’తో మొదలుపెట్టండి, డబ్బున్న తల్లి పెత్తనాన్ని కూతురు ఎదిరించే కథ అది.