అమ్మకు చేయించిన లాప్రోస్కోపీ పరీక్ష: నల్లగొండలో మా అనుభవం

మూడు నెలలుగా సాయంత్రమైతే సన్నజ్వరం వచ్చి, పొట్ట ఉబ్బి, అన్నం సయించక చిక్కిపోయిన మా అమ్మను దేవరకొండ నుంచి నల్లగొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాము. స్కానింగులో కడుపులో నీరు, సీటీలో పేగులను కప్పి ఉండే కడుపు లోపలి పొర మందంగా ఉండటం కనిపించాయి. రక్తపరీక్షలో, కొన్ని క్యాన్సర్లలో పెరిగే సీఏ-125 అనే ప్రొటీన్ కూడా ఎక్కువగా రావడంతో ఇంటిల్లిపాదీ క్యాన్సరేనని నిశ్చయించుకున్నాము. కడుపు టీబీలోనూ ఆ సంఖ్య పెరుగుతుందని, ముక్క తీసి చూడనిదే ఏ మందూ మొదలుపెట్టకూడదని సర్జన్ గట్టిగా చెప్పారు. ఈ ఆసుపత్రి గురించి నేను మెచ్చుకునే మొదటి విషయం అదే.

ఆ ముక్క కోసమే లాప్రోస్కోపీ చేశారు. పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర సెంటీమీటరు మేర కోసి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, సన్నని కెమెరా గొట్టం లోపలికి పంపారు. 1910లో స్వీడన్ వైద్యుడు జాకోబియస్ మనుషుల కడుపులోకి ఇలా తొలిసారి చూసింది కూడా నీరు చేరిన రోగులలోనేనట. ఆపరేషన్ అయ్యాక మాకు చూపించిన వీడియోలో పేగుల మీద, పొర మీద జొన్నరవ్వ చల్లినట్లు తెల్లని గింజలు స్పష్టంగా కనిపించాయి. వాటిలో కొన్నింటిని తీసి బయాప్సీకి పంపారు. అవయవాల పైభాగమే తప్ప లోతున ఉన్నది కెమెరాకు కనిపించదని, పేగులు అతుక్కుపోయి ఉంటే పొట్ట తెరవవలసి రావచ్చని సంతకానికి ముందే చెప్పడం బాగుంది.

బాగోలేనిది ఆ రాత్రి సంగతి. "పొట్టకు కోస్తే బుజం గుంజుతాంది ఏంది బిడ్డా" అని అమ్మ అడిగితే, నర్సు నొప్పి మందు ఇచ్చి వెళ్లిపోయింది. లోపల మిగిలిన గ్యాసు ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరాన్ని) రేపడం వల్ల ఆ నొప్పి భుజంలో తెలుస్తుందని, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని తెల్లవారి డ్యూటీ డాక్టరు చెప్పేదాకా మాకు గుండెపోటు భయమే. ముందుగా ఒక్క మాట చెబితే సరిపోయేది. బిల్లులోనూ అదే తీరు: మొదట చెప్పిన ప్యాకేజీలో బయాప్సీ ఖర్చు లేదని డిశ్చార్జి రోజున కౌంటరు దగ్గర తెలిసింది.

అమ్మ మరునాడే లేచి నడిచింది. ఆరో రోజున వచ్చిన రిపోర్టులో టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తున్నారు. అక్కడ కార్డు రాసే ముందు వాళ్లు అడిగింది ఆ బయాప్సీ కాగితాన్నే.