పాత నంబర్లు చెదరకుండా: ఎస్‌క్యూఎల్ సర్వరా, పోస్ట్‌గ్రెస్సా?

నల్లగొండలో ఒక బత్తాయి కమీషన్ దుకాణం లెక్కలను కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు, రైతులు చీటీల మీద ఏళ్లుగా చూసుకుంటున్న ఖాతా నంబర్లు మారకూడదని యజమాని షరతు పెట్టారు. ఆ నంబర్లుండే కాలమ్ (టేబుల్‌లో నిలువు వరుస) మాత్రం తనంతట తానే నంబరు వేసుకునే రకం. దాన్ని కాదని పాత నంబర్లనే వేయాలి.

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇందుకు ఆ టేబుల్‌కు ఐడెంటిటీ ఇన్సర్ట్‌ను (మన నంబరును వేయనిచ్చే సెట్టింగ్‌ను) ఆన్ చేసి, కాలమ్‌ల పేర్లను విడిగా రాయాలి. ఒక సెషన్‌లో (డేటాబేస్‌తో ఒక కనెక్షన్‌లో) ఒకసారికి ఒక్క టేబుల్‌కే ఈ అనుమతి ఉంటుంది కనుక, ఆఫ్ చేయడం మరిస్తే రెండో టేబుల్ దగ్గర ఎర్రర్ వస్తుంది. కొంత చాదస్తమే గానీ, ఉన్నవాటికన్నా పెద్దదైన ఖాతా నంబరు, ఉదాహరణకు 4812, వేస్తే తరువాతి నంబరు దానంతటదే 4813 అవుతుంది.

ఉచిత డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో 2017 నాటి 10వ వెర్షన్‌తో వచ్చిన ఐడెంటిటీ కాలమ్ (తానే నంబరు వేసుకునే కాలమ్) 'జనరేటెడ్ ఆల్వేస్' (ఎప్పుడూ తానే వేసే రకం) అయితే ఇన్సర్ట్ ఆదేశంలో 'ఓవర్‌రైడింగ్ సిస్టమ్ వాల్యూ' అని చేర్చాలి. 'బై డిఫాల్ట్' (మనం వేయకపోతేనే తాను వేసే రకం) అయితే అదీ అక్కరలేదు. చిక్కంతా ఆ తరువాతే. మనం 4812 వేసిన సంగతి సీక్వెన్స్‌కు (తరువాతి నంబరు ఇచ్చే కౌంటర్‌కు) తెలియదు. అది 1 నుంచే మొదలుపెడుతుంది. ఆ దుకాణం పనిలో మధ్యాహ్నానికి పాత ఖాతాలన్నీ సాఫీగా ఎక్కాయి, సాయంత్రం వచ్చిన మొదటి కొత్త రైతు పేరు దగ్గర డూప్లికేట్ కీ ఎర్రర్ (ఆ నంబరు ముందే ఉందని) వచ్చింది. సెట్‌వాల్ అనే ఫంక్షన్‌తో సీక్వెన్స్‌ను గరిష్ఠ నంబరు దాకా జరిపాకే పేరు ఎక్కింది.

ఒక్కసారి చేసే ఎక్కింపుకు నా ఓటు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కే.