థర్మాకోలా, నీళ్ల సీసానా: నీటిని శుద్ధిచేసే ఉత్ప్రేరకానికి ఏది మేలు?

విశాఖ ఆర్కే బీచ్‌లో ఏరిన చెత్తలో ఎక్కువగా కనిపించేవి థర్మాకోల్ ముక్కలు, నీళ్ల సీసాలు. ఎండ తగిలితే నీటిలోని రంగులను, మందుల అవశేషాలను విరగ్గొట్టే ఉత్ప్రేరకం తయారీకి రెండూ పనికొస్తాయి, కానీ వేర్వేరు తీరుల్లో.

థర్మాకోల్ దారి సులువు. ఎండకు పనిచేసే ఉత్ప్రేరకమైన టైటానియం డయాక్సైడ్ పొడిని ఇథనాల్‌లో కలిపి పూసలకు పట్టించి ఆరబెట్టడమే. అసిటోన్ వాడితే పూస కరిగి ముద్దవుతుంది. థర్మాకోల్‌లోని ప్లాస్టిక్, పాలీస్టైరీన్, 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి ఓవెన్ 80 దాటకూడదు. పూసలు తేలుతూ ఎండనూ గాలినీ నేరుగా అందుకుంటాయి, పనయ్యాక జల్లెడతో ఎత్తేయొచ్చు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. వెలుతురులో ఉత్ప్రేరకం మీద పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ (దేన్నైనా చప్పున విరగ్గొట్టే చురుకైన కణాలు) మురికినే కాదు, తమను మోస్తున్న ప్లాస్టిక్‌నూ తింటాయి. పూస పసుపెక్కి, పెళుసై, పూతతో సహా రాలుతుంది. నీటిని శుభ్రం చేయబోయి మైక్రోప్లాస్టిక్ కలిపినట్టే. ఈ ఒక్క కారణం చాలు, మా ఓటు సీసాకే.

సీసాను మోసే వస్తువుగా కాక ముడిసరుకుగా వాడాలి. ముక్కలు చేసి నీళ్లలో వేస్తే సీసా ప్లాస్టిక్ అయిన పెట్ మునుగుతుంది, మూత ముక్కలు తేలతాయి. లేబుళ్లను మాత్రం ముందే ఒలిచేయాలి, పీవీసీవైతే అవీ మునుగుతాయి. 10 గ్రాముల పెట్‌కు లెక్క ప్రకారం 4.2 గ్రాముల కాస్టిక్ సోడా సరిపోతుంది, 6 వేయడం మంచిది. ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ అరలో), కళ్లద్దాలతో, ఇథిలీన్ గ్లైకాల్‌లో 180 డిగ్రీల దగ్గర వేడిచేసి, చల్లారాక నీళ్లు పోసి వడకట్టాలి. వడకట్టగా వచ్చిన నీటిలో పీహెచ్ 2–3కు వచ్చేదాకా ఆమ్లం చుక్కలుగా వేస్తే తెల్లగా టెరిఫ్తాలిక్ ఆమ్లం దిగుతుంది. గరిష్ఠంగా 8.6 గ్రాములు. సోడియం లవణాలు పోయేదాకా కడగాలి.

ఈ ఆమ్లాన్ని డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావకం), మిథనాల్ మిశ్రమంలో టైటానియం ఐసోప్రొపాక్సైడ్‌తో కలిపి, టెఫ్లాన్ ఆటోక్లేవ్‌లో (బిగించి మూసే పీడనపాత్రలో) 150 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా ఉంచితే ఎంఐఎల్-125 అనే రంధ్రాల పొడి వస్తుంది. మన ఉత్ప్రేరకం ఇదే. విశాఖ గాలిలోని తేమకు ఐసోప్రొపాక్సైడ్ సీసా తెరిచిన కాసేపటికే తెల్లటి పెచ్చు కడుతుంది. పొడి వాతావరణంలోనే కొలవాలి. డీఎంఎఫ్ కాలేయానికి చెరుపు. పొడిలో మిగిలితే నీటిలోకి చేరుతుంది, కాబట్టి మిథనాల్‌తో పలుమార్లు కడగాలి.

దీనికీ లోపముంది. అతినీలలోహిత కాంతికే స్పందిస్తుంది, ఎండలో అది సుమారు 5 శాతమే. టెరిఫ్తాలిక్ ఆమ్లానికి అమైనో గుంపు చేర్చి చేసే రకం మామూలు వెలుతురులోనూ పనిచేస్తుంది గానీ, ఆ ఆమ్లం తయారీకి నైట్రేషన్, ఆపై రిడక్షన్ అనే రసాయన చర్యలు కావాలి. డిగ్రీ ల్యాబ్‌లో వద్దు.

ఉత్ప్రేరకం పనిచేస్తుందో లేదో పరీక్షించేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. లీటరుకు 10 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు, ఒక గ్రాము పొడి వేసి ముందు చీకట్లో 30 నిమిషాలు కలపాలి. రంధ్రాల పొడి రంగును పీల్చుకుంటుంది, దాన్ని విచ్ఛిన్నమనుకుంటారు. పొడి లేకుండా ఎండలో పెట్టిన నమూనా కూడా ఉండాలి, ఎందుకంటే ఆ రంగు తనంతట తానే కొంత వెలిసిపోతుంది. తీరం దగ్గరి ఉప్పు బోరునీటిలోని క్లోరైడ్, హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను మింగేస్తుంది, వేగం పడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన ఫలితాన్ని దానికి అన్వయించకూడదు.

తాగునీటికైతే రెండూ వద్దు. క్రిములే సమస్యయితే, తేటనీరు నింపిన రంగులేని రెండు లీటర్ల సీసాను ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెట్టడమే మేలు. మబ్బు పట్టిన రోజుల్లో రెండు రోజులు ఉంచాలి. మందుల అవశేషాలు, రసాయనాలు దానితో పోవు.